పాలేటి ఆవలి పరదేశము

విజయవాడనుండి హైదరాబాదునకు మోటారుకారులో బయలుదేరినవారు నందిగామ దాటి, చిల్లకల్లు దాటి, గరికపాడు చేరునప్పటికి ఒక వంతెన వచ్చును. దాని క్రింద పారునది పాలేరు. వంతెనకు ఈవల ఆంధ్రప్రదేశము, ఆవల తెలంగాణము. ఈవలి కారుల నంబరు పలకలపై ఒక రాష్ట్రపు అక్షరములు ఉండును, ఆవలి కారులపై వేరొక రాష్ట్రపు అక్షరములు ఉండును. అయినను అక్కడ పెట్టె విప్పుమనువాడు లేడు, కారు వెల యెంతయని అడుగువాడు లేడు. మాటలలో మాటగా దాటిపోయి కోదాడలో కాఫీకి ఆగుదుము.

మన తాతల కాలమున అట్లు కాదు. ఈ యేటి ప్రాంతమే రెండు రాజ్యములకు పొలిమేర. ఈవల ఇంగ్లీషువారి చెన్నపురి రాజధానిలోని కృష్ణా జిల్లా. ఆవల నిజాము ప్రభువు ఏలుబడి. ఆవల నాణెము వేరు, తపాలా బిళ్ల వేరు, కచ్చేరీ భాష వేరు, మోటారు చట్టము వేరు. పొలములో దున్నువాని భాష మాత్రము రెండు వైపుల తెలుగే. ఆ పొలిమేర మీద నిలిచిన సుంకపు ఠాణాకు కరోడ్‌గిరి నాకా యని పేరు. జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతముల వృద్ధులకు ఈ మాట నేటికిని తెలియును. పిల్లలకు తెలియదు.

ఆ నాకాను గూర్చియు, దానిని దాటవలసివచ్చిన మోటారుకారును గూర్చియు మేము ఈ వ్యాసమున కొంత చెప్పదలచితిమి. సుంకముల చరిత్రలో మోటారుకారు చిక్కు తెచ్చిన వస్తువు. బియ్యపు బస్తా సరకు. దానిని మోసుకొనివచ్చిన ఎద్దుబండి సరకు కాదు, వచ్చినదారినే మరలిపోవును. మోటారుకారు అట్టిది కాదు. అది యజమానిని మోయు బండి యగును, అమ్మినచో వేలకు వేలు పలుకు సరకు నగును. కావున సుంకపు ఉద్యోగి ‘ఇందులో ఏమున్నది?’ అని అడిగి ఊరకుండుటకు వీలులేదు. ‘ఇది ఇక్కడ ఉండిపోవునా, తిరిగిపోవునా?’ అని గూడ అడుగవలెను. ఒక నాటి నంబరుతో వచ్చిన బండిని మరియొక నాటిలోనికి రానిచ్చు విషయమున లోకమందలి కట్టడులన్నియు ఈ రెండవ ప్రశ్నకు సమాధానము కొరకు పుట్టినవే.

ఈ ప్రశ్న కృష్ణాతీరమునకు క్రొత్త కాదు. మోటారునకు మూడువందల యేండ్లకు ముందే మచిలీపట్టణపు రేవులో దీనిని అడిగియుండిరి. గోలకొండ సుల్తానుల కాలమున మచిలీపట్టణము రాజ్యమునకు ముఖద్వారము. రేవును హవాల్దారు ఏలుచుండెను, ఓడల వ్యవహారమును షాబందరు చూచుచుండెను. 17వ శతాబ్ది ఆరంభమున డచ్చివారు వచ్చిరి, 1611లో ఇంగ్లీషువారు వచ్చిరి. ఓడ దిగిన సరకునకు వెలకట్టుటలో ప్రతిదినము తగవులే. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా ఇంగ్లీషువారికి బంగారు ఫర్మానా యని ప్రసిద్ధికెక్కిన సనదును ఇచ్చెను. సరకు సరకునకు సుంకము లెక్కించు బాధ లేకుండ, ఏటికి 500 వరహాలు కట్టి గోలకొండ రేవులలో వ్యాపారము చేసికొనవచ్చునని దాని సారాంశము. సనదు దొరకినది సముద్రము దాటి వచ్చిన కంపెనీకి. రేవులోనే పుట్టి పెరిగిన వర్తకుడు మామూలు చొప్పుననే కట్టుచుండెను. సుంకపు కట్టడిలో పరదేశికి తలుపు తెరచి, ఊరివానిని గుమ్మమున నిలిపిన ఉదాహరణములలో ఇది యొకటి.

రేవునుండి రాజధానికి పోవు దారిలోను తనిఖీ ఉండెను. 1652లో మచిలీపట్టణమున ఓడ దిగిన తవర్నియే అను ఫ్రెంచి రత్నవర్తకుడు గోలకొండ పట్టణపు ప్రవేశద్వారమునొద్ద జరుగు సోదాను వర్ణించెను. భటులు ఉప్పు, పొగాకు ఉన్నవేమోయని శ్రద్ధగా వెదకుచుండిరట. రాజుగారి రాబడికి అవి ముఖ్యములు. సెలవు వచ్చువరకు క్రొత్తవాడు ఒకటి రెండు దినములు వెలుపలనే వేచియుండవలసిన సందర్భములును ఉండెడివట. వజ్రములు కొనుటకు వచ్చినవానిని ఉప్పు కొరకు వెదకుట వింతగా తోచవచ్చును. కాని ఉప్పు సముద్రతీరమున పండును, మెట్టసీమలో పండదు. లంబాడీల ఎద్దుల బిడారులు తీరమున ఉప్పు నింపుకొని లోపలి సీమలకు పోయి, ప్రత్తియు ధాన్యమును వేసికొని వచ్చుచుండెను. ప్రతి యింటికి కావలసిన వస్తువు ఒకే దారిని రావలసియున్నప్పుడు ఆ దారిమీద సుంకరి కూర్చుండుట రాజులకు సులభమైన రాబడి.

ఆ దారి ఒకే రాజ్యములోని దారిగా చాలకాలము సాగెను. దానిని రెండుగా ఖండించినది 18వ శతాబ్దియందలి రాజకీయము. 1759లో ఇంగ్లీషువారు ఫ్రెంచివారినుండి మచిలీపట్టణమును గెలిచిరి. 1766 సంధిచే నిజాము ఉత్తర సర్కారులను కంపెనీవారికి వదలుకొనెను. దానితో సముద్రము ఇంగ్లీషువారి పాలబడినది. మెట్టసీమ నిజాము పాలనలో నిలిచినది. నిజాము రాజ్యమునకు రేవు లేకపోయెను.

ఈ లోపమును ఇరువురును ఎరుగుదురు. కావుననే 1802లో కంపెనీకిని నిజామునకును ఒక వాణిజ్యపు ఒడంబడిక జరిగెను. సుంకము నూటికి అయిదు చొప్పున నిర్ణయింపబడెను. నిజాము ప్రభువు మచిలీపట్టణపు రేవును స్వేచ్ఛగా వాడుకొనవచ్చుననియు, అక్కడ తన కోఠీని, తన ప్రతినిధులను నిలుపుకొనవచ్చుననియు అంగీకారమయ్యెను. కాగితముమీద ఇది గొప్ప హక్కు. కాని రేవు నానాటికి మెరకబడి, పెద్ద ఓడలు తీరమునకు మైళ్ల దూరమున లంగరు వేయవలసివచ్చెను. 1864 నవంబరు 1న వచ్చిన తుపానులో మచిలీపట్టణమును, చుట్టుపట్ల గ్రామములును కలసి 30,000 మంది వరకు ప్రాణములు కోల్పోయిరి. అటుతరువాత ఆ రేవు వెనుకటి వైభవమునకు రాలేదు. ఒడంబడికలోని హక్కును అనుభవించుటకు తగిన రేవే మిగులలేదు.

ఇంతలో ఈవలి వైపున ఒక మార్పు జరిగెను. కంపెనీ ప్రభుత్వము తొలినాళ్లలో తన సీమలోనే ఊరూర దారిసుంకము వసూలు చేయించెడిది. ఆ వసూలును గుత్తకిచ్చుటయు కలదు. గుత్తదారుడు చెప్పినదే ధర, అతని బంట్రోతు చెప్పినదే తూకము. బండి ఆలస్యమైనచో సరకు చెడునను భయముచేత వర్తకుడు అడిగినది ఇచ్చి పోవుచుండెను. 1844లో చెన్నపురి రాజధానియందు ఈ లోపలి సుంకములు రద్దయ్యెను. అప్పటినుండి బందరులో ఎత్తిన బస్తా బెజవాడ మీదుగా నందిగామ వరకు అడ్డులేకుండ పోవుచుండెను. 1855 నాటికి ఆనకట్ట పూర్తియై కాలువలు పారుటతో పడవల రాకపోకలును పెరిగెను. కాని పాలేటి ఆవలికి పోవు సరకు మాత్రము నాకావద్ద ఆగవలసినదే. ఒకే దారిలో ఒక వైపు సుంకము పోయినది, మరియొక వైపు నిలిచినది.

ఆవలి వైపు సుంకపు శాఖకు కరోడ్‌గిరి యను పేరు మొగలాయీ కాలపు మాటనుండి వచ్చినది. అక్బరు చక్రవర్తి కాలమున కోటి దాముల రాబడిగల సీమకు వసూలుదారుగా నియమింపబడిన ఉద్యోగిని కరోడీ యనుచుండిరి. రాను రాను ఆ మాట హైదరాబాదులో సుంకముల శాఖకు స్థిరపడెను. 1853లో దివానుగిరికి వచ్చిన మొదటి సాలార్‌జంగు రాజ్యపు రాబడి వ్యవహారములలో గుత్తపద్ధతిని తగ్గించి జీతపు ఉద్యోగులను నియమించుచు వచ్చెను. హైదరాబాదునకు ఈ శాఖ ముఖ్యమైన ఆదాయము. సముద్రతీరము లేని రాజ్యము తన పొలిమేరనే తీరముగా భావించి, దానిపొడుగునను ఠాణాలు పెట్టుకొన్నది.

1889లో నిజాము రైలు వరంగల్లు మీదుగా బెజవాడకు వచ్చెను. 1893లో కృష్ణమీద రైలు వంతెన పూర్తియై చెన్నపురి వైపు దారి కలసెను. నదిగట్టున కాలువల ఊరుగా ఉన్న బెజవాడ నాలుగేండ్లలో గొప్ప కూడలియైనది. నాకాలును రైలును వెంబడించెను. పెండ్లిబట్టలు కొనుక్కొని ఆవలికి పోవువారు పెట్టెలు విప్పి చూపవలెను. ఇది కట్టుకొన్న చీరయా, క్రొత్త చీరయా యని తర్కము. కట్టుకొన్నదైనచో సొంతసామాను, మడత విప్పనిదైనచో సరకు. మోటారు విషయమున రాబోవు చిక్కునకు ఈ చీర తగవు చిన్న నమూనా.

20వ శతాబ్ది తొలి సంవత్సరములలో మోటారుకారులు మన దేశమునకు వచ్చెను. హైదరాబాదు ప్రభువులకు వానియందు మక్కువ మెండు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను 1911లో ఒక రోల్స్‌రాయిసు కారును సింహాసనపు రథమువలె కట్టించుటకు ఆజ్ఞ యిచ్చెను. అది వచ్చునాటికి ఆయన గతించెను, కుమారుడు ఉస్మాన్ అలీఖాను గద్దెనెక్కెను. ఆ పసుపుపచ్చని కారు చౌమహల్లా ప్రాసాదమున చూపరులకు ఉంచబడినది. దానిని చూచినవారు వెండి అలంకారములను మెచ్చుకొందురు. సముద్రతీరము లేని రాజ్యమునకు అట్టి కారు ఏ దారిని వచ్చును, మధ్య దారిలో ఎవరికేమి చెల్లవలసియుండునను ప్రశ్న తోచువారు తక్కువ.

ప్రభువుల మాట అటుంచి, సామాన్యముగా కారు కొనగలిగిన వకీలుదో వైద్యునిదో లెక్క చూతము. హైదరాబాదునకు పోవు పరదేశపు కారు మొదట బొంబాయిలోనో చెన్నపురిలోనో ఓడ దిగవలెను. అక్కడ ఇంగ్లీషు ఇండియా ప్రభుత్వమునకు సముద్రసుంకము చెల్లవలెను. మోటారుకారులపై ఆ సుంకము 1921లో నూటికి 20, 1922లో నూటికి 30, 1927లో మరల 20 అయ్యెను. అటుతరువాత హైదరాబాదు పొలిమేరలో మామూలు సుంకము నూటికి 5. 1922లో రేవు చేరునప్పటికి 3,000 రూపాయల వెలగల కారును ఊహింపుడు. సముద్రసుంకము 900 రూపాయలు, మొత్తము 3,900. దానిపై నూటికి 5 చొప్పున 195 రూపాయలు. ఇవి ఇంగ్లీషు రూపాయలు, ఆవల వీనిని కల్దారు అనుచుండిరి. నిజాము నాణెము హాలీ సిక్కా. 6 కల్దారులకు 7 హాలీలు వచ్చుచుండెను. కావున ఆ 195 రూపాయలు హాలీ సిక్కాలో 227 రూపాయల 8 అణాలు. ఇది లెక్క తెలియుటకు మేము చెప్పిన ఉదాహరణము. మామూలు రేట్ల ప్రకారము ఒకే కారుమీద రెండు ప్రభుత్వముల చేయి ఎట్లు పడునో దీనివలన తేటపడును.

ఇందు ఒక పెద్ద తగవు దాగియున్నది. రేవులో వసూలైన 900 రూపాయలు ఎవరి ధనము? కారు నడచునది హైదరాబాదు వీథులలో, సొమ్ము చెల్లించినవాడు హైదరాబాదు వాసి. కాని ఆ సుంకము చేరినది ఇంగ్లీషు ఇండియా ఖజానాకు. కారు మాట కొందరిది. కిరసనాయిలు, గుడ్డ, అగ్గిపెట్టె ప్రతివానికి కావలెను. రేవులో పడిన సుంకము వాని ధరలో కలసి నల్లగొండ రైతు ఇంటికి గూడ చేరును. ఈ సముద్రసుంకములో తమకు పాలు రావలెనని సంస్థానములు 1927లో ఏర్పడిన బట్లరు సంఘము ఎదుట వాదించినవి. 1929లో ఆ సంఘము నివేదిక వచ్చెను గాని తగవు తీరలేదు. రేవు లేని రాజ్యము పొలిమేర సుంకమును అంత గట్టిగా పట్టుకొనుటకు ఇదియొక కారణము. నాకాను నిందించునపుడు ఈ వైపు న్యాయమును గూడ మరువరాదు.

ఇంతవరకు చెప్పినది ఉండిపోవు కారును గూర్చి. తిరిగిపోవు కారు సంగతి యేమి? ఐరోపాలో చిన్న చిన్న దేశములు ఒకదాని నొకటి ఆనుకొనియుండుటచే ఈ చిక్కు అక్కడ మొదట ముదిరెను. విహారమునకు పోవువాడు ఒక్క దినమున రెండు మూడు పొలిమేరలు దాటును. ప్రతి పొలిమేరలో కారు వెలకు తగిన సుంకమును ధరావతుగా కట్టి, తిరిగి పోవునప్పుడు దానిని పుచ్చుకొనుట యన్నచో ప్రయాణమే సాగదు. 1909లో పారిస్ నగరమున మోటారు రాకపోకలను గూర్చి మొదటి అంతర్జాతీయ ఒడంబడిక జరిగెను. పరదేశమున తిరుగు కారు తన దేశపు గుర్తు అక్షరములను వెనుక ధరింపవలెనను నియమము దానినుండి వచ్చినది. ఇంగ్లీషు ఇండియా కారులకు బి. ఐ. అను అక్షరములు ఉండెను. 1947 తరువాత ఐ. ఎన్. డి. వచ్చెను.

అక్షరము ఎక్కడినుండి వచ్చినదో చెప్పును గాని తిరిగిపోవునని పూచీ పడదు. ఆ పూచీ కొరకు కార్నే యను పుస్తకము పుట్టెను. దాని యేర్పాటు తెలిసికొనదగినది. కారు యజమాని తన దేశపు మోటారు సంఘమునొద్ద ధరావతు ఉంచి ఆ పుస్తకము పుచ్చుకొనును. అందు ప్రతి పుటయు మూడు ఖండములు. కారు లోనికి వచ్చునపుడు సుంకపు ఉద్యోగి ముద్రవేసి ఒక ఖండము చింపుకొనును. వెలుపలికి పోవునపుడు రెండవ ఖండము చింపబడును. రెండు ముద్రలును పడిన మూడవ ఖండము పుస్తకముననే సాక్ష్యముగా నిలుచును. పోయినట్లు ముద్ర లేనిచో కారు అక్కడనే అమ్ముడుపోయినదని భావించి ఆ దేశము సుంకమును అడుగును. మోటారు సంఘము చెల్లించి, యజమాని ధరావతునుండి రాబట్టుకొనును. 1954లో న్యూయార్కున జరిగిన ఒడంబడికతో సొంతవాహనముల తాత్కాలిక ప్రవేశమునకు ఈ పద్ధతి స్థిరపడెను. నేటికిని పరదేశపు నంబరుతో మన దేశమునకు కారు తెచ్చుకొను యాత్రికుడు కార్నే చూపి, ఆరు నెలలలో కారును మరల తీసికొనిపోవలెను.

ఇప్పుడు మరల మన బెజవాడ బాటకు వత్తము. ఈ బాటలో లోకమందు అరుదైన ఒక చిత్రము ఉండెను. పాలేటి ప్రాంతమున కృష్ణా జిల్లా ముగిసి, కోదాడతో నిజాము రాజ్యము మొదలగును. కొంతదూరము పోగా మునగాల వచ్చును. మునగాల పరగణాకు నలుదిక్కుల నిజాము రాజ్యమే, కాని పరగణా మాత్రము కృష్ణా జిల్లాలోనిది. అది దాటి సూర్యాపేటకు పోవునప్పటికి మరల నిజాము రాజ్యము. ఆనాడు బెజవాడనుండి హైదరాబాదు పోవు మోటారు ఒకే దారిలో పొలిమేరను మూడుమారులు దాటుచుండెను. పటములో చూచినచో సముద్రము నడుమ లంకవలె మునగాల కనబడును.

ఆ లంకనుండి తెలుగువారికి గొప్ప మేలు జరిగెను. మునగాల సంస్థానాధిపతి నాయని వెంకటరంగారావుగారు, వారి దివాను కొమర్రాజు లక్ష్మణరావుగారు. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలయుటలోను, 1906లో విజ్ఞానచంద్రికా మండలి పుట్టుటలోను వీరి చేయి ఉన్నది. మండలి తరువాత చెన్నపురికి మారెను, దాని గ్రంథములు పొలిమేరకు రెండు వైపుల చదువబడెను. రెండు రాజ్యముల రాకపోకలు నిత్యానుభవముగా గలవారు, భాష ఒక్కటేయను సంగతిని ఇతరులకంటె ముందుగా గుర్తించుటలో ఆశ్చర్యము లేదని మాకు తోచును.

ఇట్టి పొలిమేరలు తెలుగుదేశమున మరికొన్ని ఉండెను. గోదావరి డెల్టాలోని యానాము ఫ్రెంచివారిది. అది పరదేశపు గడ్డ గనుక దాని చుట్టును 1924 నాటి భూమార్గ సుంకముల చట్టము వర్తించెను. 1954లో యానాము మన దేశములో కలసెను. మచిలీపట్టణములోనే ఫ్రెంచిపేట యను చిన్న తావు 1947 వరకు ఫ్రెంచివారి పేరున ఉండెను. కాని హైదరాబాదు పొలిమేరవలె ఊళ్లను, చుట్టరికములను, సంతలను ఇంత పొడుగున చీల్చినది వేరొకటి లేదు.

1947 ఆగస్టు 15న మన దేశము స్వతంత్రమైనప్పుడు హైదరాబాదు అందు కలియలేదు. ఆ నవంబరులో యథాతథపు ఒడంబడిక జరిగినను పొలిమేరలో ఉద్రిక్తత పెరిగెను. కరోడ్‌గిరి నాకా అప్పటికి సుంకము వసూలుచేయు గది మాత్రమే గాక, ఆ ప్రభుత్వమునకు గుర్తుగా ప్రజల కంటబడెను. పొలిమేరకు ఈవల శిబిరములు పెట్టుకొన్న ఉద్యమకారులు నాకాలపై దాడులు చేసిరి. రజాకార్ల బాధకు తాళలేక అనేక కుటుంబములు జగ్గయ్యపేట, నందిగామ, విజయవాడలకు తరలివచ్చి తలదాచుకొన్నవి. కట్టుబట్టలతో వచ్చినవారిని అడుగుటకు ఏ సుంకమును లేదు.

1948 సెప్టెంబరు 13న భారతసైన్యము విజయవాడ వైపునుండి ఇదే బాటను కదలెను. ఉదయము ఎనిమిదిన్నరకు కోదాడ, మధ్యాహ్నమునకు మునగాల చేరెను. నాలుగైదు దినములలో పోరాటము ముగిసెను.

ఇక్కడ కథ ముగిసినదని అనేకులు తలచుదురు. అది పొరపాటు. రాజ్యము పోయినను సుంకము వెంటనే పోలేదు. 1950 ఏప్రిలు 1న హైదరాబాదు ఆర్థికవ్యవస్థ భారతదేశముతో ఏకీకృతమయ్యెను. అదే సంవత్సరము జనవరి 26న అమలునకు వచ్చిన రాజ్యాంగము 301వ అధికరణమున దేశమంతటను వర్తకమునకు స్వేచ్ఛ యిచ్చెను. కాని అందే 306వ అధికరణము కొన్ని పూర్వసంస్థానములకు పొలిమేర సుంకములను కొంతకాలము కొనసాగించుకొన వీలు కల్పించెను. కారణము స్పష్టమే. ఆ రాబడితో బళ్లు, ఆసుపత్రులు నడచుచుండెను. ఒక్కమారు తీసివేసినచో ఆ లోటు పూడ్చుటెట్లు? కావున ఒకే జెండా క్రింద, ఒకే రాజ్యాంగము క్రింద గూడ బెజవాడనుండి పోవు సరకు కొన్నేండ్లు ఆ పాత సుంకమును ఎదుర్కొన్నది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశము అవతరించునాటికి అది తొలగెను. 306వ అధికరణము కూడ ఆ యేటనే రద్దయ్యెను. హాలీ సిక్కా చెల్లుబాటు 1959 వరకు పూర్తిగా తీరలేదు. మునగాల పరగణా కృష్ణా జిల్లానుండి నల్లగొండ జిల్లాకు మారెను, ఇప్పుడది సూర్యాపేట జిల్లాలోనిది. సైన్యము ఒక పూటలో దాటిన గీతను చెరుపుటకు చిట్టాలకు ఏండ్లు పట్టెను.

2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము ఏర్పడుటతో పాలేటిమీద మరల ఒక పొలిమేర వచ్చెను. ఇది రెండు రాజ్యముల పొలిమేర కాదు, ఒకే దేశములోని రెండు రాష్ట్రముల హద్దు. 2017 జూలై 1న వస్తుసేవల పన్ను వచ్చి, సరకుల పన్ను కొరకు బండ్లను ఆపు చెక్కుపోస్టులు ఎత్తివేయబడెను. అయినను ఆ పాత రెండవ ప్రశ్న పోలేదు. 1988 మోటారువాహనముల చట్టము ప్రకారము ఒక రాష్ట్రపు నంబరుగల బండి వేరొక రాష్ట్రమున 12 నెలలకు మించి ఉండిపోయినచో అక్కడ క్రొత్త నంబరు పుచ్చుకొనవలెను. దానికి పాత రాష్ట్రమునుండి అభ్యంతరము లేదను పత్రము కావలెను. క్రొత్త రాష్ట్రమున పన్ను కట్టవలెను. హైదరాబాదులో కొన్న కారుతో విజయవాడలో కాపురము పెట్టినవారికి ఈ సంగతి బాగుగ తెలియును. చూచి పోవుటకు వచ్చినచో చిక్కు లేదు, ఉండిపోవుటకు వచ్చినచో చెప్పవలెను.

సముద్రము దాటి వచ్చు కారులకు కట్టడి మరింత గట్టిది. మన డెల్టా గ్రామములనుండి అమెరికాకు, గల్ఫు దేశములకు పోయి, తిరిగి వచ్చి స్థిరపడువారు అనేకులు. అక్కడ వాడిన కారును తెచ్చుకొందమని వారికి ఆశ ఉండును. కాని వాడిన కారు మన దేశమునకు రావలెనన్నచో తయారై మూడేండ్లకు మించరాదు, స్టీరింగు కుడివైపున ఉండవలెను, అదియు ముంబయి రేవుననే దిగవలెనని నియమములు. అమెరికాలోను, గల్ఫులోను కారులకు స్టీరింగు ఎడమవైపున ఉండును. కావున ఆశ చాలమందికి మొదటి ప్రశ్నలోనే తీరిపోవును. ఆంధ్రదేశమున విశాఖపట్టణము వంటి మహారేవు ఉన్నను ఆ కారుకు అక్కడ దారి లేదు. 1802లో నిజాము కోరిన మచిలీపట్టణములో క్రొత్త రేవు నిర్మాణము 2023లో ఆరంభమయ్యెను.

మేము ఇటీవల ఆ వంతెనయొద్ద కొంతసేపు ఆగితిమి. 2024 సెప్టెంబరు 1న పాలేరు పొంగి గరికపాడువద్ద రహదారిని దెబ్బతీసిన విషయము పాఠకులకు జ్ఞాపకముండును. ఆనాడు రెండు రాష్ట్రముల నంబర్లుగల కారులును ఒకే వరుసలో ఆగిపోయినవి. నాకా ఉండిన తావు ఏదియని అడిగితిమి. పిన్నలు చెప్పలేకపోయిరి.

ఇందువలన మాకొక కోరిక కలిగినది. మీ యిండ్లలో, పాత ట్రంకుపెట్టెలలో, కరోడ్‌గిరి రసీదు కాగితమో, హాలీ సిక్కా నాణెమో, హైదరాబాదు నంబరుతో తీసిన పాతకారు ఛాయాచిత్రమో ఉండవచ్చును. చెల్లని కాగితమని పారవేయకుడు. ఇంటి పెద్దలను అడిగి, అది ఏ యేట ఎవరిది, దేనికి కట్టిన సుంకమో వెనుక వ్రాసియుంచుడు. రాజుల సంధులను చరిత్రకారులు ఎట్లును వ్రాయుదురు. ఆ సంధులచే మన యింటి చీరపెట్టెకు, మన బండికి కలిగిన చిక్కు మాత్రము మన యింటనే వ్రాసియుండవలెను.